గుర్రం ఎందుకు కుంటుతోందో తెలియనప్పుడు

హన్మకొండలో గుర్రాలు పెంచేవారి సమావేశంలో ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం, ఆదాబ్.

నన్ను గుర్రాల జబ్బుల గురించి మాట్లాడమన్నారు. అది ఒక్క పూటలో తేలేది కాదు కాబట్టి అందులో ఒక్కటే తీసుకుంటాను. గుర్రం కుంటుతోంది, ఎందుకో తెలియడం లేదు. డాక్టర్ చూశాడు, ఎక్స్‌రే తీశారు, లాడం ఊడదీసి మళ్లీ కొట్టారు, మందులు పడ్డాయి. అయినా కుంటు పోలేదు. పోయిందనుకుంటే పది రోజులకు మళ్లీ వచ్చింది. అప్పుడేం చేయాలి? సర్వీసులో ఉన్నన్నాళ్లూ, రిటైరయ్యాక కూడా, గుర్రాలవాళ్లు నన్ను ఎక్కువగా అడిగింది ఇదే. ఆ మాట అడిగేటప్పుడు మనిషికి ఎంత టెన్షన్ ఉంటుందో నేను చూశాను. ఆ గుర్రం మీదే ఇల్లు గడిచేవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు.

చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. కారణం దొరకలేదంటే నొప్పి లేదని కాదు. పేరు తెలియని నొప్పికి కూడా వైద్యం ఉంది. ఆ వైద్యంలో ఎక్కువ భాగం డాక్టర్ చేతుల్లో కాదు, రోజూ గుర్రం పక్కన ఉండే మీ చేతుల్లో ఉంటుంది.

ఖిలా వరంగల్‌లో ఒక చాచా దగ్గర నుక్రా ఆడగుర్రం ఉండేది. మంచి తెలుపు, నెమ్మది స్వభావం. బారాత్‌లో బ్యాండు మోగినా, పటాకులు పేలినా చెవులు కదిపేది తప్ప అడుగు తప్పేది కాదు. అలాంటిది ముందు కుడికాలు అప్పుడప్పుడు దాచుకోవడం మొదలుపెట్టింది. చాచా ఫోన్ చేసి, "సార్, ఒకరోజు కుంటుతది, ఇంకోరోజు మంచిగనే నడుస్తది. డాక్టర్ సాబ్ వచ్చిన రోజైతే అసలు కుంటనే కుంటలేదు. నేనేమో అబద్ధం చెప్తున్నట్టు అయితున్నది" అన్నాడు.

చాచా అబద్ధం చెప్పడం లేదు. గుర్రం అడవిలో వేటాడబడే జంతువుల జాతిది. కొత్త మనిషి, కొత్త వాసన, చుట్టూ నలుగురు గుమిగూడడం, ఇవన్నీ దానికి ప్రమాద సూచనలే. అలాంటప్పుడు అది నొప్పిని మింగేసి నిటారుగా నిలబడుతుంది. అందరూ వెళ్లిపోయి, మేత ముందు ఒంటరిగా ఉన్నప్పుడు ఆ కాలు మెల్లగా ముందుకు చాపి బరువు తీసేస్తుంది. అందుకే నేను చాచాకు చెప్పిన మొదటి పని వీడియో తీయమని. ఇప్పుడు అందరి ఫోన్లలో స్లో మోషన్ ఉంది. తెల్లవారుజామున ట్రాఫిక్ లేనప్పుడు చదునైన గట్టి రోడ్డు మీద, కళ్లెం తాడు వదులుగా పట్టుకుని దుల్కీ, అంటే నడకకూ పరుగుకూ మధ్య వేగంలో, నడిపించాలి. తాడు బిగించి పట్టుకుంటే తల కదలదు, అసలు సంగతి తెలియదు. ఎదురుగా ఒకసారి, వెనక నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి తీయాలి. మెల్లగా నడిచేటప్పుడు దాగిపోయే కుంటు దుల్కీలో బయటపడుతుంది.

ఏ కాలు నొప్పో తెలుసుకోవడానికి తల చూడండి. ముందు కాలు నొప్పైతే ఆ కాలు నేలకు తగలగానే గుర్రం తల పైకెత్తుతుంది. బాగున్న కాలు పడ్డప్పుడు తల దించుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా చదివి, తల దించిన వైపు కాలుకే నూనె మర్దన చేస్తుంటారు. వెనక కాలైతే తలను కాదు, నడుమును చూడాలి. రెండు తుంటి ఎముకల మీద తెల్ల టేపు ముక్కలు అంటించి వెనక నుంచి వీడియో తీయండి. నొప్పి ఉన్న వైపు టేపు ఎక్కువగా పైకీ కిందికీ ఊగుతుంది. కొద్దిపాటి కుంటు విషయంలో అనుభవమున్న డాక్టర్లే ఒకే గుర్రాన్ని చూసి ఏ కాలో తేల్చడంలో విభేదిస్తారని పరిశోధనల్లో తేలింది. కాబట్టి మీకు వెంటనే అర్థం కాకపోతే చిన్నబోవాల్సిన పని లేదు. ఆ వీడియోలు దాచిపెట్టుకోండి, తేదీతో సహా.

ఇక ఎక్కడ నొప్పి? గుర్రం తన బరువులో దాదాపు అరవై శాతం ముందు కాళ్ల మీదే మోస్తుంది. ముందు కాలు కుంటుల్లో ఎక్కువ భాగం మోకాలికి కిందే ఉంటాయి, అందులోనూ డెక్కలోనే ఎక్కువ. మనవాళ్లు మాత్రం ముందు భుజం పట్టుకుంటారు. "భుజం జారింది సార్" అంటారు. భుజం నొప్పి లేకపోలేదు, కానీ చాలా అరుదు. డెక్కను పూర్తిగా చూడకుండా భుజం దాకా ఎవరూ పోవద్దు.

డెక్క ఎలా చూడాలో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడే సగం కేసులు తేలిపోతాయి. ముందు అరచేయి పెట్టి వేడి చూడండి, నాలుగు డెక్కలూ పోల్చి. తర్వాత డెక్కకు పైన ఉండే పెద్ద కీలు వెనక, రెండు పక్కలా వేళ్లు ఆనించి నాడి పట్టుకోండి. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి ఆ నాడి దొరకడమే కష్టం. డెక్క లోపల వాపు ఉంటే వేలి కింద టకటకా కొట్టుకుంటుంది. దీనికి డాక్టర్ అక్కర్లేదు, మీ పదేళ్ల పిల్లవాడికి నేర్పినా పట్టుకుంటాడు. గుర్రం బాగున్న రోజుల్లోనే రోజూ పట్టుకుని చూస్తే, బాగాలేని రోజు తేడా మీకే తెలుస్తుంది.

తర్వాత అడుగు భాగం. బురద అంతా కడిగి, పొడి గుడ్డతో తుడిచి వెలుతురులో చూడాలి. మన దగ్గర సర్కారు తుమ్మ ముల్లు ఒకటి, టెంట్లవాళ్లు వదిలేసిన మేకు ఒకటి, రెండూ గుర్రాలకు యముళ్లే. ముల్లు లోపల విరిగిపోతే పైన చిన్న నల్లచుక్క మాత్రం కనిపిస్తుంది. లోపల చీము పట్టిందంటే ఆ గుర్రం కాలు విరిగినంతగా కుంటుతుంది, కొన్నిసార్లు కాలు కిందే పెట్టదు. ఒక్కరాత్రిలో ఇంత తీవ్రంగా వచ్చే కుంటుకు చాలాసార్లు కారణం చీమే. డెక్క గట్టిది, లోపలి చీముకు దారి ఉండదు. కింద దారి చేయకపోతే అది పైకి ఎక్కి, డెక్కకు చర్మానికి మధ్య అంచులో పగులుతుంది. కింద దారి చేయడం డాక్టరో, పని బాగా తెలిసిన లాడాలాయనో చేయాల్సిన పని. మీరు కత్తి పెట్టి తవ్వకండి. మీరు చేయగలిగింది ఎప్సమ్ సాల్ట్ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో డెక్కను ఉంచడం, గోధుమ తవుడు, ఎప్సమ్ సాల్ట్ తడిపి పట్టు వేయడం, దాని మీద చంటిపిల్లల డైపర్ చుట్టి గట్టి టేపు వేయడం. డైపర్ అంటే నవ్వుతారు గానీ, డెక్కకు అంత బాగా సరిపోయే కట్టు మెడికల్ షాపులో లేదు. మేకు దిగి ఉంటే మాత్రం పీకేయకముందే ఫోటో తీయండి, ఎక్కడ, ఎంత లోతు అన్నది డాక్టర్‌కు అవసరం. ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి అదే రోజు చూసుకోవాలి. పాడి పశువుల కంటే గుర్రానికి ధనుర్వాతం చాలా సులువుగా వస్తుంది, వస్తే బతకడం కష్టం.

లాడం కొట్టిన రెండు మూడు రోజుల్లో కుంటు మొదలైతే మేకు లోపలి మెత్తటి భాగానికి దగ్గరగా పోయిందేమో చూడాలి. కంకర రోడ్డు మీద నడిచాక వస్తే అరికాలు కమిలిందేమో చూడాలి. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల దారుల్లో తిరిగే గుర్రాలకు ఇది బాగా చూశాను. వానాకాలంలో పాక తడిగా ఉంటే డెక్క మెత్తబడి మధ్య భాగం కుళ్లు వాసన వేస్తుంది. ఎండాకాలంలో అదే డెక్క ఎండి పగులుతుంది.

చాచా గుర్రానికి ఇవేవీ లేవు. వేడి లేదు, నాడి మామూలే. డెక్క చిమటాతో అన్ని వైపులా నొక్కి చూస్తే మడమ దగ్గర కొంచెం ముడుచుకుంది, అది కూడా ప్రతిసారీ కాదు. ఎక్స్‌రే తీశారు, ఎముక బాగుంది. ఇక్కడ ఒక మాట. ఎక్స్‌రే బాగుందంటే ఎముక బాగున్నట్టే అని ఎప్పుడూ అనుకోకండి. సన్నటి పగులు మొదటి రోజుల్లో ఫిల్ములో కనిపించకపోవచ్చు. పది, పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ తీస్తే కనిపిస్తుంది. ఎక్స్‌రేలో స్నాయువులు అసలే కనిపించవు, మనవాళ్లు నరం అని పిలిచేవి. వాటికి స్కానింగ్ కావాలి. డెక్క లోపలి స్నాయువులు స్కానింగ్‌కు కూడా సరిగా అందవు, డెక్క గోడ అడ్డం. అక్కడికి ఎంఆర్‌ఐ ఒక్కటే. గుర్రాన్ని నిలబెట్టే ఎంఆర్‌ఐ తీసే యంత్రాలు విదేశాల్లోని పెద్ద గుర్రాల ఆసుపత్రుల్లో ఉన్నాయి. మనం దాని గురించి బాధపడుతూ కూర్చోలేం.

కాళ్లు బాగుండి కూడా నడక చెడే సందర్భాలు కొన్ని ఉన్నాయి. సర్రా అనే రక్తపు జబ్బు జోరీగల వల్ల వస్తుంది, వానల తర్వాత ఎక్కువ. జ్వరం వచ్చి పోతుంటుంది, కాళ్లకు నీరు దిగుతుంది, వెనక భాగం తూలుతుంది. దూరం నుంచి చూస్తే కుంటులాగే ఉంటుంది. రక్తపరీక్షతో తెలుస్తుంది, మందు ఉంది. ఇంకోటి, మూఢాలప్పుడో ఆషాఢంలోనో పనిలేక నిలబడి ఉలవలు మాత్రం రోజులాగే తిన్న గుర్రాన్ని ముహూర్తాలు రాగానే ఒక్కసారి పనికి తీస్తే, పిరుదుల కండరాలు బిగుసుకుపోయి అడుగు పడదు. మూత్రం కాఫీ రంగులో వస్తుంది. అది వెంటనే డాక్టర్‌ను పిలవాల్సిన సంగతి, అడుగు కూడా నడిపించకూడదు. జీను ఒత్తి వీపు పుండైనా, పన్ను నొప్పైనా, కళ్లెం నోటిని కోస్తున్నా గుర్రం నడక మారుతుంది. మనిషి ఎక్కితే కుంటి, దిగితే బాగుంటే ముందు జీను, కళ్లెం చూడండి. ముళ్ల కళ్లెం 1965 నాటి జంతు నిబంధనల్లోనే నిషేధం. ఇంకా కొందరి దగ్గర ఉంది, ఇవాళే తీసి పారేయండి.

చాచా గుర్రానికి రక్తపరీక్షలోనూ ఏమీ రాలేదు. చివరికి మత్తు పరీక్ష చేశాం. కాలు కింది భాగం నుంచి మొదలుపెట్టి, నొప్పిని మోసే ఒక్కో అసలు నరానికి (స్నాయువుకు కాదు) లిగ్నోకైన్ అనే తిమ్మిరి మందు ఇచ్చి, కొన్ని నిమిషాలాగి మళ్లీ దుల్కీ నడిపించి చూడడం. మత్తు ఇచ్చిన చోటే నొప్పి ఉంటే కుంటు మాయమవుతుంది. ఈ గుర్రానికి మడమ వైపు మత్తు ఇస్తే చాలావరకు బాగైంది, పూర్తిగా కాదు. అంటే నొప్పి డెక్క వెనక భాగంలో ఉంది. చిన్న ఎముకదా, దాని మీదుగా పోయే స్నాయువుదా, అక్కడున్న మెత్తటి కణజాలానిదా? అంతవరకు మా పరీక్షలు తీసుకుపోలేకపోయాయి.

చాచా నన్ను అడిగాడు, "అయితే ఇప్పుడు బీమారి పేరేంది సార్?" పేరు లేదు చాచా, చోటు మాత్రం తెలిసింది అన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. ఆ రోజు నుంచి ఆయన చుట్టూ ఉన్నవాళ్లందరి దగ్గరా పేర్లు తయారయ్యాయి. దిష్టి తగిలిందన్నారు. ఎవరో చేతబడి చేశారన్నారు. భుజం మీద వాతలు పెట్టిస్తే నొప్పి దిగుతుందన్నారు. ఒకాయన ఇనుప కడ్డీ కాల్చుకుని తయారుగా వచ్చాడు కూడా. దిష్టి తీస్తే నాకు అభ్యంతరం లేదు, నిమ్మకాయ గుర్రాన్ని కుంటించదు. వాతల సంగతి వేరు. కాలిన చోట కొత్త నొప్పి పుట్టి పాత నొప్పిని కప్పేస్తుంది, నెల రోజులు గుర్రం కదలకుండా ఉంటుంది. ఆ నెల విశ్రాంతితో కుంటు తగ్గితే పేరు వాతలకు వస్తుంది. చర్మం కాల్చినంత మాత్రాన లోపలి స్నాయువు అతుక్కోదు. దయచేసి ఎవరూ పెట్టించకండి. మీ తాతలు పెట్టించారంటే, వాళ్లకు ఇంకో దారి లేదు. మీకు ఉంది.

రెండో దారి వాతల కంటే ప్రమాదం, ఎందుకంటే అది శుభ్రంగా, డాక్టర్ వైద్యంలాగా కనిపిస్తుంది. నొప్పి సూది వేసి బారాత్‌కు పంపడం. ఫినైల్‌బ్యుటాజోన్, ఫ్లునిక్సిన్, మెలాక్సికామ్, ఇవి మంచి మందులే, డాక్టర్ చెప్పినంత కాలం, చెప్పినంత మోతాదులో. కానీ నొప్పి ఆ కాలుకు కాపలా. కాపలాను నిద్రపుచ్చి సీసీ రోడ్డు మీద మూడు గంటలు నిలబెట్టి, పెళ్లికొడుకును ఎక్కించి, డీజే ముందు ఆడిస్తే, సగం తెగిన స్నాయువు పూర్తిగా తెగుతుంది. ఎక్కువ రోజులు వాడితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. నీళ్లు సరిగా తాగని ఎండాకాలంలో ఇంకా త్వరగా దెబ్బతింటాయి.

మనుషుల మెడికల్ షాపులో దొరికే డైక్లోఫెనాక్ మాత్రం ముట్టుకోవద్దు. పశువులకు దాన్ని 2006లోనే నిషేధించారు, ఆ మందు పడిన కళేబరం తిని రాబందులు చచ్చిపోతున్నాయని. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ కూడా ఆ జాబితాలో చేరాయి. రాబందులు ఎక్కడో ఉన్నాయిలే అనుకోకండి. మన కుమురం భీం జిల్లాలో, బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగు ముక్కు రాబందులు కనిపించాయి. అవి మన ఉత్తర తెలంగాణ సంపద. వాటికి హాని చేయదని తేలిన మెలాక్సికామ్ ఉండగా వేరేది ఎందుకు?

మరి ఏం చేయాలి? ముందు ఆపాలి. పూర్తిగా ఆపాలి. సవారీ, బండి, బారాత్ ఏదీ లేదు. ఇది వినడానికి తేలిక, చేయడానికి ఎంత కష్టమో నాకు తెలుసు. ఒక ఫాల్గుణమో వైశాఖమో చేజారితే ఏడాది సంపాదనలో పెద్ద గండి పడుతుంది. అందుకే నేను క్యాలెండర్ చూసుకుని మాట్లాడతాను. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, మూఢాల్లో ఉండవు, పుష్యంలో ఉండవు. కుంటు మొదలైన గుర్రాన్ని ఈ నెలలతో కలిపి విశ్రాంతికి పెడితే నష్టం కొంత తగ్గుతుంది. మిగతా రోజులకు తోటి గుర్రాలవాళ్లు బేరాలు పంచుకోవాలి. ఇవాళ మీ గుర్రం, రేపు ఆయన గుర్రం. ఈ హాల్లో ఉన్నవాళ్లు వెళ్లేలోపు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, ఎవరి గుర్రమైనా పడిపోతే వాళ్ల బయానా గుర్రం బాగున్నవాళ్లు తీసుకుని కమీషన్ ఇచ్చేలా ఒప్పందం చేసుకుంటే, నా ప్రసంగం కంటే అదే పది రెట్లు ఎక్కువ పని చేస్తుంది. ఇంకొకటి కూడా తెలుసుకోండి. జబ్బుతోనో గాయంతోనో పనికి పనికిరాని స్థితిలో ఉన్న జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం.

విశ్రాంతి అంటే కట్టేసి ఉంచడం కాదు. మెత్తటి, పొడి నేల ఉండాలి. ఇసుకో, రంపపు పొట్టో, మందంగా వరిగడ్డో పరవాలి. ఒక కాలు బాగా నొప్పిగా ఉంటే గుర్రం బరువంతా ఎదుటి కాలు మీద వేస్తుంది. వారాలు గడిస్తే ఆ బాగున్న కాలు డెక్కే లోపల వాచి చెడిపోతుంది. కుంటు కాలు కంటే ఇదే గుర్రాన్ని చంపిన సందర్భాలున్నాయి. అందుకే రెండో కాలు వేడి, నాడి కూడా రోజూ చూడమంటాను.

పని ఆగినప్పుడు మేత కూడా తగ్గాలి. ప్రేమతో ఉలవలు, శనగలు ఎక్కువ పెడతారు. పనిలేని గుర్రానికి పచ్చగడ్డి, ఎండుగడ్డి, ఉప్పు, నీళ్లు చాలు, గింజలు బాగా తగ్గించాలి. పెళ్లివాళ్లు లడ్డూలు, పులిహోర తినిపించడం, బెల్లం ముద్దలు పెట్టడం, ఇవి బాగున్న గుర్రానికే మంచివి కావు. గింజలు, తీపి ఒక్కసారిగా ఎక్కువైతే లామినైటిస్, అంటే డెక్క లోపలి పొరల వాపు, వస్తుంది. గుర్రం ముందు కాళ్లు ముందుకు చాపి, బరువంతా వెనక్కు వేసి, నేల కాలుతున్నట్టు నిలబడుతుంది. అలా కనిపిస్తే మొదటి రెండు మూడు రోజులు డెక్కలను ఐసు నీళ్లలో ఉంచుతూ డాక్టర్‌ను పిలవాలి. ఆ గంటలు చాలా విలువైనవి.

ఇక నోటుబుక్కు. చాచాకు చదువు రాదు, ఆయన మనవరాలు రాసింది. రోజూ నాలుగు మాటలే: ఎంత కుంటింది, నాడి ఎలా ఉంది, నేల ఎలా ఉంది, ఏం మారింది. కుంటు తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అని ఆ పాప గుండ్రాలు గీసేది. మూడు వారాలు గడిచేసరికి ఎవరికీ తట్టని సంగతి ఒకటి బయటపడింది. లాడం పాతబడిన కొద్దీ గుండ్రాలు ఎక్కువవుతున్నాయి, కొత్తగా కొట్టిన వారం తక్కువ. చూస్తే ఆ గుర్రానికి డెక్క ముందు భాగం బాగా పొడవు పెరిగి, మడమ పల్లంగా ఉంది. అలా ఉంటే ప్రతి అడుగులో వెనక భాగం మీద ఒత్తిడి ఎక్కువ. లాడాలాయనను పిలిచి ముందు భాగాన్ని ఒక్కసారి కాదు, విడతలవారీగా తగ్గించమన్నాం. లాడాలు ఐదారు వారాలకు తప్పకుండా మార్చమన్నాం.

ఒక్కసారి ఒక్కటే మార్చండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. భయంలో ఉన్నప్పుడు మనిషి లాడం మారుస్తాడు, మేత మారుస్తాడు, మందు మారుస్తాడు, డాక్టర్‌ను మారుస్తాడు, అన్నీ ఒకే వారంలో. గుర్రం బాగైతే దేనివల్ల బాగైందో తెలియదు. ముదిరితే దేనివల్ల ముదిరిందో తెలియదు. మార్చిన దానికి కనీసం రెండు మూడు వారాలు టైమివ్వండి. డెక్క విషయంలో ఇంకా ఓపిక కావాలి. అది నెలకు సెంటీమీటరు కూడా సరిగా పెరగదు. పైఅంచు నుంచి ముందు భాగం కింది దాకా పూర్తిగా కొత్త డెక్క రావడానికి దాదాపు ఏడాది పడుతుంది. ఇవాళ మీరు చూసే పగులుకు కారణం పోయిన ఏడాది వానల్లో ఉండొచ్చు. స్నాయువు తెగితే తొమ్మిది నెలల నుంచి ఏడాది. నెలకే నడక బాగైనట్టు కనిపిస్తుంది, లోపల ఇంకా అతుక్కుని ఉండదు. అప్పుడు పనికి తీసి మళ్లీ తెంపుకున్న గుర్రాలనే నేను ఎక్కువ చూశాను.

చాచా గుర్రం ఆషాఢం నుంచి సంక్రాంతి దాటే వరకు పాకలోనే ఉంది. మొదట చేతితో పట్టుకుని పది నిమిషాల నడక, మెత్తటి నేల మీద. వారం వారం కొద్దికొద్దిగా పెంచడం. కుంటు కనిపిస్తే వెనక్కి ఒక వారం మెట్టుకు దిగడం. ఐనవోలు జాతర రోజుల్లో మొదటిసారి దుల్కీలో తల సమానంగా ఉన్న వీడియో వచ్చింది. జబ్బు పేరు ఇప్పటికీ తెలియదు. లాడం సర్దడమా, విశ్రాంతా, రెండూనా అన్నది కూడా తేల్చలేం. ఇప్పుడది బారాత్‌లకు వెళ్తుంది, తక్కువ దూరం, డీజే ముందు ఆట లేదు, రాత్రికి ఒక్కటే పెళ్లి. మనవరాలు ఇంకా నోటుబుక్కు రాస్తూనే ఉంది.

అన్నీ ఇలా అవ్వవు. కొన్ని గుర్రాలు తిరిగి పనికి రావు. అలాంటప్పుడు దాన్ని నొప్పి సూది వేసి సంతలో అమ్మేయకండి, కొన్నవాడి ఇల్లు కూడా మునుగుతుంది. బైపాస్ రోడ్డు మీద వదిలేయకండి. అలా వదిలేసిన గుర్రాలు లారీల కింద పడడం నేను చూశాను, ఆ డ్రైవర్ల ప్రాణాలకూ ముప్పే. పని చేయలేని ఆడగుర్రం మేతకు ఉండగలదు, తోడుగా ఉండగలదు, నొప్పి భరించగలిగే స్థితిలో ఉంటే. మందులతోనూ, విశ్రాంతితోనూ తగ్గని నొప్పి, నిలబడలేని స్థితి, మేత మానేయడం, ఇవి కలిసి వస్తే డాక్టర్‌తో కూర్చుని నొప్పి లేని ముగింపు గురించి మాట్లాడాలి. ఆ మాట ఎత్తడానికి మీరు సిగ్గుపడొద్దు. డాక్టర్ ఎత్తితే కోపగించుకోవద్దు.

చివరగా, ఆసుపత్రికి తీసుకొచ్చేటప్పుడు చేయాల్సినవి. మామునూరు పశువైద్య కళాశాలకైనా, కోరుట్ల కళాశాలకైనా, మీ దగ్గరి పశువుల ఆసుపత్రికైనా, ముందు ఫోన్ చేసి డాక్టర్ ఉన్న టైమ్ కనుక్కోండి. కాలు కింద పెట్టలేని గుర్రాన్ని నడిపించుకుంటూ తేవొద్దు, సంచార పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేసి పరిస్థితి చెప్పండి. నొప్పి మందు ఇచ్చి ఉంటే ఏ మందు, ఎప్పుడు ఇచ్చారో దాచకుండా చెప్పండి. మందు మత్తులో ఉన్న కాలుకు పరీక్ష చేస్తే ఫలితం తప్పుగా వస్తుంది. ఎప్పటి నుంచి మానాలో డాక్టర్‌నే అడగండి. లాడాలాయనను వెంట తీసుకురండి, లాడం తీయాల్సి వస్తే ఆయనే తీయాలి. వీడియోలు, నోటుబుక్కు, పాత ఎక్స్‌రేలు అన్నీ తీసుకురండి. గుర్రానికి అలవాటైన తోటి గుర్రం ఉంటే దాన్ని కూడా తీసుకొస్తే అది తక్కువ బెదురుతుంది, నడక నిజంగా కనిపిస్తుంది.

బయట చెట్టు కింద మూడు గుర్రాలు కట్టి ఉన్నాయి, మూడూ బాగున్నవే. అందరూ లేచి అక్కడికి రండి. ఒక్కొక్కరూ డెక్క పైకీలు వెనక నాడి పట్టుకుని చూడాలి. దొరక్కపోతే నన్ను పిలవండి, చెయ్యి పట్టి చూపిస్తాను.